ఒకరు దేవుడంటారు, ఒకరు దండగంటారు: ఎముకల డాక్టరు గురించి రోగుల మాటలు ఎలా వినాలి?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. మూడేళ్లుగా కుడి మోకాలి నొప్పి. షుగరు ఉంది, బీపీ మాత్రలు వేసుకుంటుంది. ఈమధ్య ఒక ఎముకల డాక్టరుకు చూపించాను. ఆయన ఎక్స్‌రే చూసి "గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, చిప్ప మార్చాల్సిందే" అన్నారు. లోపలికి వెళ్లి బయటికి రావడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన దగ్గర చూపించుకున్నవాళ్లను వాకబు చేశాను. ఒకరు "ఆయన దేవుడు, మూడో రోజుకే నడిపించాడు" అన్నారు. ఇంకొకావిడ "రెండు నెలలైనా వాపు తగ్గలేదు, అటు పోవద్దు" అన్నారు. మరొకరు "మందులేమీ రాయకుండా వ్యాయామం చేసుకోమని పంపేశాడు, ఫీజు దండగ" అన్నారు. అమ్మ భయపడిపోతోంది. నేను ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ముగ్గురూ నిజమే చెప్పి ఉంటారు. చిక్కేమిటంటే, ఆ మూడు మాటల్లో ఏ ఒక్కటీ మీకు కావలసిన సంగతి చెప్పడం లేదు.

మూడో రోజుకే నడిపించడం సంగతి చూద్దాం. మోకీలు మార్పిడి (మీ డాక్టరు "చిప్ప మార్చడం" అన్నది దీన్నే) చేసినవాళ్లను చాలాచోట్ల అదే రోజు సాయంత్రమో మర్నాడు పొద్దున్నో వాకర్ పట్టించి నిలబెడతారు. లోపల పెట్టిన భాగాలను ఎముకకు అతికించే సిమెంటు ఆపరేషన్ బల్ల మీదే, పావుగంట లోపు గట్టిపడిపోతుంది. అందుకని ఆ కాలు మొదటి రోజు నుంచే పూర్తి బరువు మోయగలదు. పైగా కాలి నరానికి ఇచ్చిన మత్తు, గట్టి నొప్పి మందులు తొలి ఒకటి రెండు రోజులు పనిచేస్తూనే ఉంటాయి. చాలామందికి అసలు నొప్పి తెలిసేది ఆ మత్తు పూర్తిగా దిగాకే. కాబట్టి మూడో రోజు నడక మంచి విషయమే కానీ, ఆ డాక్టరు ప్రత్యేకత కాదు. జరగాల్సిందే జరిగింది.

రెండు నెలల వాపు కూడా అంతే. ఈ ఆపరేషన్ తర్వాత మోకాలు మూడు నుంచి ఆరు నెలల దాకా కాస్త ఉబ్బి, చేయి పెడితే రెండో మోకాలికన్నా వెచ్చగా ఉండడం మామూలే. కొందరిలో సాయంత్రం పూట వాపు ఏడాది వరకు కనబడుతుంది. ఆవిడ ఫిర్యాదులో తప్పు వెతకాల్సింది వాపులో కాదు, "ఇలా ఉంటుంది, ఇన్నాళ్లుంటుంది" అని ఎవరూ ఆవిడకు ముందే చెప్పకపోవడంలో. అది చిన్న లోపమేమీ కాదు.

ఇక ఫీజు దండగన్నవారు. అరుగుదల మొదటి దశల్లో ఉన్న మోకాలికి వ్యాయామమే మొదటి మందు. మాత్రలు నొప్పిని అణచిపెడతాయి, తొడ కండరం బలపడితే కీలు మీద భారమే తగ్గుతుంది. వచ్చిన ప్రతివారికీ ఆపరేషన్ చెప్పే డాక్టరైతే ఆ మనిషిని వ్యాయామంతో పంపేవారు కాదు. మీ అమ్మగారికి ఆపరేషన్ చెప్పినది కూడా ఆయనే కదా, అందుకని మీరు విన్న మూడింటిలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించిన మాట ఇదే. అయితే ఒకటి కనుక్కోండి. ఏ వ్యాయామం, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని వారాలు అని చూపించి, ఆరు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారా? లేక "వ్యాయామం చేసుకోండి" అని ఒక్కముక్కలో తేల్చేశారా? రెండోదైతే ఫీజు దండగన్నవారి కోపంలో న్యాయం ఉంది.

రోగి చూడగలిగేవి కొన్ని, చూడలేనివి కొన్ని ఉంటాయి. మోకాలు పట్టి చూశారా, అడిగినదానికి జవాబిచ్చారా, ఆపరేషన్ తర్వాత గదికి ఎవరు వచ్చారు, ఇబ్బంది అని ఫోను చేస్తే ఎవరు పలికారు అన్నవి రోగికి బాగా తెలుస్తాయి. వీటిలో రోగి మాటను మించిన సాక్ష్యం లేదు. కానీ ఎముకను సరైన కోణంలో కోశారా, ఆ ఆపరేషన్ అసలు అవసరమేనా అన్నది పక్కింటివారి అనుభవంలోంచి తేలదు. అందుకే "మంచి డాక్టరేనా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు వచ్చేది దేవుడో దండగో, ఆ రెండే.

మొట్టమొదట అడగాల్సింది "ఆపరేషనై ఎన్నాళ్లయింది?" అని. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలో ఎవరైనా కృతజ్ఞతతోనే మాట్లాడతారు, గండం గడిచిందన్న ఊరట అది. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య అడిగితే చాలామంది విసుగ్గా ఉంటారు: కుట్లు మానాయి, కానీ మోకాలు బిగుసుకున్నట్టుంటుంది, రాత్రి సరిగా నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్ల ఓపిక కూడా తగ్గుతుంది. ఏడాది దాటినవాళ్లు చెప్పేదే గట్టి మాట. మీకు దొరికినవారిలో ఏడాది దాటినవాళ్లు ఇద్దరుంటే, నెలలోపువాళ్లు పదిమంది కన్నా వాళ్లే మేలు.

రెండోది, ఏ ఆపరేషన్ అన్నది. విరిగిన తుంటికి బాగా చేశారన్నది మోకాలికి సాక్ష్యం కాదు. ఎముకల డాక్టర్లలోనూ వెన్ను చూసేవారు, భుజం చూసేవారు, విరుగుళ్లు చూసేవారు, కీళ్లమార్పిడి చేసేవారు వేరువేరుగా ఉంటారు. ఆటల్లో దెబ్బ తగిలి లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగిన పాతికేళ్ల కుర్రాడి అనుభవం మీ అమ్మగారికి అక్కరకు రాదు.

మూడోది అసలైనది: "ఏదైనా ఇబ్బంది వచ్చిందా? వచ్చినప్పుడు ఆయన ఏం చేశారు?" మోకీలు మార్పిడి మంచి ఫలితాలిచ్చే ఆపరేషనే. అయినా చేయించుకున్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరు అనుకున్నంత బాగా లేదనే అంటారని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. అంటే ఎంత చేయి తిరిగిన డాక్టరు దగ్గరైనా అసంతృప్తులు ఉంటారు. కొందరికి నొప్పి మిగిలిపోతుంది, కొందరు మునుపటిలా కింద బాసింపట్టు వేసుకుని కూర్చోగలమనుకుని నిరాశపడతారు. అసంతృప్తులున్నారన్నది డాక్టరు తప్పుకు రుజువు కాదు. ఇబ్బంది వచ్చినప్పుడు పిలిచి, పట్టీ విప్పి, కళ్లతో చూశారా అన్నదే గీటురాయి. కుట్ల దగ్గర వారం దాటినా నీరు కారుతుంటే ఫోనులోనే యాంటీబయాటిక్ పేరు చెప్పి పెట్టేశారని ఎవరైనా అంటే, ఆ మాటను తీవ్రంగా తీసుకోండి. ఒక్కరు చెప్పినా సరే.

అలాగే, "లోపల వేసిన కీలు వివరాలు మీ కాగితాల్లో ఉన్నాయా?" అని అడగండి. అమర్చే ప్రతి భాగానికీ కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న చిన్న స్టిక్కరు వస్తుంది. ఆపరేషన్ గదిలో వాటిని ఊడదీసి రోగి రికార్డులో అంటిస్తారు. ఆ కాపీ మీ చేతికి రావాలి. పదిహేనేళ్ల తర్వాత ఆ కీలులో ఒక్క ప్లాస్టిక్ ముక్క మార్చాల్సి వచ్చినా, ఏ కంపెనీది, ఏ సైజుది అన్నది ఆ స్టిక్కరే చెబుతుంది. అడగకుండానే ఇచ్చేచోట మిగతా రికార్డులు కూడా పద్ధతిగానే ఉంటాయని అనుకోవచ్చు.

ఇంకో రకం పొగడ్త ఉంటుంది: "ఇంజెక్షన్ వేసిన నిమిషంలో నొప్పి ఎగిరిపోయింది." కీలులోకి ఇచ్చే స్టీరాయిడ్‌లో చాలాసార్లు మొద్దుబార్చే మందు కూడా కలుపుతారు. ఆ నిమిషంలో పనిచేసేది ఆ మందే, కొన్ని గంటల్లో దిగిపోతుంది. స్టీరాయిడ్ రెండు మూడు రోజుల తర్వాత మొదలై కొన్ని వారాలు, మహా అయితే మూడు నెలలు పనిచేస్తుంది. మీ అమ్మగారి విషయంలో రెండు జాగ్రత్తలున్నాయి. షుగరున్నవారికి ఈ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగరు బాగా పెరుగుతుంది, ఇంట్లో రోజూ చూసుకోవాలి. రెండోది, ఇంజెక్షన్ వేయించుకున్న మూడు నెలల లోపు అదే మోకాలికి కీలు మార్పిడి చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. "ముందు ఇంజెక్షన్ వేద్దాం, నెల తర్వాత ఆపరేషన్ పెట్టుకుందాం" అంటే ఆ తేదీల సంగతి తప్పకుండా అడగండి.

ఇప్పుడు ఆ ఐదు నిమిషాల గురించి. సమయం తక్కువన్నది ఒక్కటే తప్పు కాదు. అరుగుదల బాగా ముదిరిన మోకాలిని చేయి తిరిగినవారు తొందరగానే గుర్తుపడతారు. ఆ ఐదు నిమిషాల్లో ఏం జరిగిందన్నది గుర్తుచేసుకోండి. అమ్మను నాలుగడుగులు నడిపించి చూశారా? నిలబెట్టి కాలు విల్లులా వంగిందా అని చూశారా? బల్ల మీద పడుకోబెట్టి మోకాలు ఎంతవరకు వంగుతోంది, పూర్తిగా చాపగలుగుతోందా, లోపల నీరు చేరిందా, పక్కకు కదిపితే వదులుగా ఉందా అని చేత్తో పట్టి చూశారా? తుంటిని లోపలికీ బయటికీ తిప్పి చూశారా? ఈ చివరిది చాలామందికి వింతగా ఉంటుంది. తుంటి కీలు అరిగినా నొప్పి మోకాలి దగ్గరే తెలియవచ్చు. నడుములో నరం నొక్కుకుపోయినా అంతే. అలాంటప్పుడు మోకాలు మార్చినా నొప్పి అలాగే ఉండిపోతుంది. పాదం దగ్గర నాడి పట్టి చూడడం కూడా ఇందులో భాగమే. షుగరున్నవారిలో కాలికి రక్తప్రసరణ ఎలా ఉందన్నది గాయం మానడానికి ముఖ్యం.

వీటిలో ఏదీ జరగలేదంటే, ఆయన చెప్పింది సరైనదే కావచ్చు కానీ దాని మీద కత్తికి ఒప్పుకోకూడదు.

ఎక్స్‌రే ఫిల్ము కూడా ఒకసారి తీసి చూడండి. నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా? అంచున రాసి ఉండవచ్చు, లేకపోతే అమ్మకే గుర్తుంటుంది. పడుకున్నప్పుడు కీలు మీద బరువు పడదు, తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య ఖాళీ ఉన్నట్టే కనబడుతుంది. నిలబడితే అదే మోకాలిలో రెండెముకలు ఒకదాన్నొకటి తాకుతూ కనబడవచ్చు. ఆ ఖాళీయే మనం గుజ్జు అనుకునే మెత్తని పొర ఉండే చోటు. నిలబెట్టి ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, మోకాలు వంచి చిప్ప కనబడేలా ఒకటి తీయించాలి. అరుగుదలను సున్నా నుంచి నాలుగు వరకు దశలుగా లెక్కించే పద్ధతి 1957 నుంచి వాడుకలో ఉంది. నాలుగో దశ అంటే ఖాళీ దాదాపు మిగలలేదని. కానీ ఆపరేషన్‌ను నిర్ణయించేది ఆ అంకె ఒక్కటే కాదు. నాలుగో దశలో ఉండి కూడా రోజూ హాయిగా నడిచేవాళ్లున్నారు, రెండో దశలోనే నిద్ర లేనివాళ్లున్నారు. చికిత్స మనిషికి చేయాలి, ఫిల్ముకు కాదు.

ఎంఆర్‌ఐ గురించి ఒక్క మాట. ఈ వయసులో, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలోనే అరుగుదల స్పష్టంగా ఉంటే సాధారణంగా అది అక్కర్లేదు. నొప్పి లేని పెద్దవాళ్ల మోకాళ్లలో కూడా ఎంఆర్‌ఐ తీస్తే మెనిస్కస్ (రెండెముకల మధ్య ఉండే మెత్తని బిళ్ల) చిరుగులు కనబడతాయి. అది చూసి "దుర్బిణి పెట్టి శుభ్రం చేద్దాం" (చిన్న కోతలోంచి కెమెరా గొట్టం పంపి కీలు కడగడం) అంటే తొందరపడకండి. 2002లో అమెరికాలో ఇలాంటి రోగులను విభజించి, కొందరికి నిజంగా కీలు శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద చిన్న కోతలు పెట్టి కుట్టేశారు. రెండేళ్ల తర్వాత చూస్తే నొప్పిలో గానీ నడకలో గానీ ఈ రెండు రకాలవాళ్లకూ తేడా లేదు. మోకాలు నిజంగా మధ్యలో ఇరుక్కుని చాపలేకపోతుంటే మాత్రం సంగతి వేరు.

అమ్మ భయంలో కొంత ఆ "చిప్ప మార్చడం" అన్న మాట వల్లే వచ్చి ఉంటుంది. నిజానికి మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పైభాగం అరిగిన చోట సెంటీమీటరు లోపు మందం తీసేసి, పైదానికి లోహపు తొడుగు, కిందిదానికి లోహపు పళ్లెం అమరుస్తారు. ఆ రెండిటి మధ్య గట్టి ప్లాస్టిక్ ముక్క ఒకటి కూర్చుంటుంది. కొత్త గుజ్జు అదే అనుకోండి. చిప్ప తన చోటనే ఉంటుంది, కొందరు దాని వెనక వైపు పలుచని ప్లాస్టిక్ బిళ్ల వేస్తారు, కొందరు వేయరు. పక్కనున్న లిగమెంట్లు, కండరాలు మీ అమ్మవే. అరిగిన పన్నుకు తొడుగు వేయడంలాంటిది అని చెప్పి చూడండి, భయం కొంత తగ్గుతుంది. ఇలా వేసిన కీళ్లలో ఎక్కువ భాగం ఇరవై ఏళ్లు దాటి పనిచేస్తున్నాయి.

అయితే ఇది అత్యవసర ఆపరేషన్ కాదు. నాలుగు వారాలు ఆగి ఇంకొకరికి చూపించుకుంటే సాధారణంగా నష్టమేమీ లేదు. "ఈ వారమే చేయించుకోండి, లేకపోతే కాలే పోతుంది" అని అరిగిన మోకాలి గురించి ఎవరైనా అంటే అనుమానించండి. మోకాలు హఠాత్తుగా ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం వస్తే అది అరుగుదల కాదు, చీము పట్టి ఉండవచ్చు. అప్పుడు మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఆపరేషన్ మాట పక్కనపెట్టి, ఈ మూడేళ్లలో మిగతా చికిత్స సరిగా జరిగిందా అన్నది చూడాలి. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. రోజూ చేయాల్సినవి రెండే. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కుతూ తొడ కండరం బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. రెండోది, వెల్లకిలా పడుకుని మంచికాలు మడిచి, నొప్పికాలు నిటారుగా జానెడు ఎత్తి ఐదు అంకెలు నిలిపి మెల్లగా దించాలి. ఇదీ పదిసార్లు. కొంచెం బలం వచ్చాక, చేతులు ఆనించకుండా ఎత్తైన కుర్చీలోంచి లేచి కూర్చోవడం కలపాలి. మొదటి పది రోజులు నొప్పి కాస్త పెరిగినట్టుంటుంది, అక్కడే చాలామంది మానేస్తారు. వ్యాయామం చేసిన మర్నాటికి నొప్పి మామూలు స్థాయికి వస్తే చాలు, కొనసాగించవచ్చు. ఫలితం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

బరువు ఎక్కువుంటే, ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. ఊతకర్ర కుడి మోకాలికి కుడిచేత్తో పట్టుకోవడం అందరూ చేసే పొరపాటు. ఎడమచేత్తో పట్టాలి. కుడికాలు నేలకానేటప్పుడు ఎడమచేయి సహజంగానే ముందుకొస్తుంది, బరువు పంచుకుంటుంది. నిటారుగా నిలబడి చేయి కిందికి వదిలితే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. ఇక నొప్పి మాత్రలు: మీ అమ్మగారికి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి కాబట్టి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా రోజూ నొప్పి మాత్రలు వేయడం మూత్రపిండాలకు ప్రమాదం. పైపూత మందుతో మొదలుపెట్టడం క్షేమం.

ఇవన్నీ మూడు నెలలు శ్రద్ధగా చేసినా పది నిమిషాల నడకకే ఆగిపోతుంటే, నొప్పి రాత్రుళ్లు నిద్ర లేపుతుంటే, కాలు వంకర పెరుగుతుంటే, మోకాలు పూర్తిగా చాపలేకపోతుంటే ఆపరేషన్ మాట న్యాయమైనదే. అప్పుడు ఏళ్ల తరబడి వాయిదా వేయడమూ మంచిది కాదు. ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత వంగుతుందన్నదే తర్వాత ఎంత వంగుతుందన్నదాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. బిగుసుకుపోయిన మోకాలిని మార్చినా కొంత బిగుసుకునే ఉంటుంది.

రెండో డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసుకెళ్లండి. ఒక్క పేజీ చాలు, ఈ తీరులో: "కుడి మోకాలు, లోపలి వైపు నొప్పి. మూడేళ్లు. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. ఇన్ని నిమిషాలు నడిస్తే ఆగాలి. వారంలో ఇన్ని రాత్రులు మెలకువ వస్తుంది. వాడుతున్న మందులు, మోతాదులు. పోయినసారి ఇంజెక్షన్ తేదీ. ఇంతకుముందు జరిగిన ఆపరేషన్లు. పడని మందులు." రక్తం పలచబడే మందు ఏదైనా ఉంటే దాని కింద గీత గీయండి. మోకాలి పైదాకా తేలిగ్గా జరిగే బట్టలు అమ్మకు వేయండి, లేకపోతే ఉన్న కాస్త సమయం అక్కడే పోతుంది. రిపోర్టు కాగితం కాదు, ఎక్స్‌రే ఫిల్మే తీసుకెళ్లండి. మొదటి డాక్టరు ఏమన్నారో ముందే చెప్పకండి. రెండో డాక్టరు చూసి, తన మాట చెప్పాక అప్పుడు చెప్పండి. ఇంకొకటి, నొప్పి గురించి అమ్మనే మాట్లాడనివ్వండి. పిల్లలు గబగబా చెప్పేస్తుంటే అసలు బాధ ఎక్కడుందో డాక్టరుకు అందదు.

ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడగండి. "ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది?" "కీలు ఒక వైపే అరిగిందా, సగం మారిస్తే సరిపోతుందా?" "మోకీలు మార్పిడులు ఏడాదికి ఎన్ని చేస్తారు?" "ఆపరేషన్ మీరే చేస్తారా, తర్వాత రోజూ ఎవరు చూస్తారు?" చివరగా, "ఇన్ఫెక్షన్ వస్తే ఏం చేస్తారు?" ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా వినండి. నిజాయితీగా చెప్పేవారు ఇలా చెబుతారు: సుమారు వందలో ఒకరికి రావచ్చు, షుగరు అదుపులో లేకపోతే ఇంకా ఎక్కువ. తొలి వారాల్లో పట్టుకుంటే తెరిచి కడిగి ప్లాస్టిక్ ముక్క మారుస్తాం, ఆలస్యమైతే మొత్తం తీసి మళ్లీ వేయాల్సి రావచ్చు. "మా దగ్గర అలాంటివి రావు" అన్నవారి దగ్గర నేనైతే ఆపరేషన్‌కు ఒప్పుకోమని చెప్పను. రావన్నవారు వచ్చినప్పుడు దాన్ని ఒప్పుకోవడానికి ఆలస్యం చేస్తారు, ఆ ఆలస్యమే కీలును పోగొడుతుంది.

ఆపరేషన్‌కే నిర్ణయం జరిగితే ముందు షుగరు సంగతి తేల్చుకోవాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఏడున్నర, ఎనిమిది లోపు ఉండాలని చాలామంది సర్జన్లు పట్టుబడతారు. ఎక్కువుందని ఆపరేషన్ వాయిదా వేస్తే అది అలసత్వం కాదు, మంచి వైద్యం. పుచ్చిన పళ్లు, గోటి దగ్గర పుండ్లు, మూత్రంలో మంట ఉంటే ముందే చూపించుకోవాలి. ఇంట్లో మోకాలి దగ్గర వెంట్రుకలు రేజరుతో గీయకండి, కంటికి కనబడని గాట్లలోంచి క్రిములు చేరతాయి. బీపీ, షుగరు, రక్తం పలచబడే మందుల్లో ఏది ఎప్పుడు ఆపాలో మత్తు డాక్టరే చెప్పాలి. కొన్ని షుగరు మాత్రలను మూడు నాలుగు రోజుల ముందే ఆపాల్సి ఉంటుంది, కాబట్టి ముందురోజు అడిగితే ఆలస్యమవుతుంది.

ఇంటికొచ్చాక జరిగే అతి పెద్ద పొరపాటు మోకాలి కింద దిండు. మోకాలు కాస్త వంగి ఉంటే హాయిగా ఉంటుంది, అందుకని ఇంట్లోవాళ్లు ప్రేమతోనే దిండు పెడతారు. రెండు మూడు వారాలు అలా ఉంటే మోకాలు పూర్తిగా చాపడం కష్టమవుతుంది. వంగిన మోకాలితో నడిస్తే ప్రతి అడుగులోనూ తొడ కండరం అలిసిపోతుంది, "ఆపరేషన్ చేసినా కుంటుతోంది" అని అనుభవాలు చెప్పేవారిలో ఇలాంటివారూ ఉంటారు. దిండు మడమ కింద పెట్టాలి, మోకాలు దానంతటదే కిందికి చాపుకుంటుంది. వ్యాయామానికి అరగంట ముందు నొప్పి మాత్ర వేయాలి. నొప్పి భరించడం ఇక్కడ గొప్ప కాదు, నొప్పికి భయపడి మోకాలు వంచకపోతే లోపల మచ్చకణజాలం బిగుసుకుంటుంది. రెండు వారాలకు తొంభై డిగ్రీలు, అంటే కుర్చీలో కూర్చుంటే పాదం మోకాలి కిందికి రావాలి. మూడు నెలలకు నూటపది డిగ్రీలు దాటితే బాగున్నట్టే. ఆరు వారాలకూ తొంభై రాకపోతే ఎదురుచూడకుండా డాక్టరుకు చెప్పండి. మత్తిచ్చి మోకాలు వంచే చికిత్స మొదటి మూడు నెలల్లో అయితేనే బాగా పనిచేస్తుంది.

కోతకు బయటి వైపు అరచేతి మేర చర్మం మొద్దుబారడం, నడిస్తే టక్ టక్ మనడం, పిక్క నుంచి చీలమండ దాకా కమిలిన రంగు దిగడం కంగారు పడాల్సినవి కావు. చర్మానికి వెళ్లే చిన్న నరం కోతలో తెగుతుంది, లోహం ప్లాస్టిక్‌ను తాకితే చప్పుడొస్తుంది. పిక్క గట్టిపడి నొప్పిగా ఉబ్బితే, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే మాత్రం అర్ధరాత్రైనా ఆసుపత్రికే. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. వారం దాటాక కుట్ల దగ్గర తడి, జ్వరంతో పాటు పెరిగే నొప్పి ఉంటే, ఆపరేషన్ చేసినవారు చూసేవరకు సొంతంగా యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి. మందు పడితే కీలులో నీరు తీసి పరీక్షించినా క్రిమి బయటపడకపోవచ్చు, లోపల మాత్రం అది అలాగే ఉండవచ్చు.

ప్రస్తుతానికి ఈ వారం మూడు పనులు పెట్టుకోండి: నిలబెట్టి ఎక్స్‌రే, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్. తొడ వ్యాయామం ఈ రోజే మొదలుపెట్టించండి. ఆపరేషన్ తప్పినా తప్పకపోయినా అది వృథా కాదు, బలమైన తొడతో బల్ల ఎక్కినవారే త్వరగా వాకర్ వదులుతారు. అలాగే, రెండు నెలల వాపు గురించి చెప్పినావిడకు మళ్లీ ఒకసారి ఫోను చేయండి. ఇప్పటికి ఎన్ని నెలలైంది, మోకాలు ఎంతవరకు వంగుతోంది, వాపు ఉందని వెళ్లినప్పుడు ఆయన ఆవిడను బల్ల మీద పడుకోబెట్టి కాలు పట్టి చూశారా లేదా అని అడగండి.